ఆకాశపు రేడియో స్థానములు, గామా విస్ఫోటములు – కోలారు నేల చెప్పిన సాక్ష్యము
(పాఠశాల విజ్ఞాన సభయందు ప్రధానోపాధ్యాయులు గావించిన ఉపన్యాసము)

 

నేటి ప్రసంగమునకు మేము ఎన్నుకొన్న విషయము ఆకాశమునకు సంబంధించినది. ఆకాశమున కొన్ని తావులనుండి ఎడతెగక రేడియో తరంగములు వచ్చుచున్నవి. మరికొన్ని తావులలో ఒక్క క్షణము గామా కిరణములు మెరసి మాయమగుచున్నవి. వీనికి కారణమేమి? ఏ శక్తి వీనిని పుట్టించుచున్నది? ఈ ప్రశ్నలకు భౌతికశాస్త్రజ్ఞులు చెప్పిన సమాధానములను, ఆ సమాధానములలో నిలిచినవేవో, నిలువనివేవో, ఎందుచేత నిలువలేదో నేడు మీకు మనవి చేయదలచితిమి.

ఇంత దూరపు సంగతులు గని కార్మికుల బిడ్డలకు ఎందులకని కొందరు అడుగవచ్చును. బంగారము పోయినది, గనులు మూతబడినవి, ఇక ఈ ఊరిలో నేర్చుకొనుటకు ఏమి మిగిలినదని నిట్టూర్చువారును గలరు. ఇట్టి విషయములు తెలుగున చెప్పుట సాధ్యమా అని సందేహించువారు ఇంకొకరు. ఈ మూడు మాటలకును మేము వేరుగా జవాబు చెప్పము. ప్రసంగము ముగిసిన పిమ్మట మీరే నిర్ణయింపుడు.

మొదట రేడియో తరంగములు, గామా కిరణములు అన్నదమ్ముల బిడ్డలని గ్రహింపవలెను. కంటికి కనబడు వెలుతురు, పొయ్యి వేడిమి, ఆసుపత్రిలోని ఎక్స్ కిరణములు, ఇవి యన్నియు విద్యుదయస్కాంత తరంగములే. భేదము పొడవునందే గలదు. రేడియో తరంగము మీటర్ల కొలది పొడవుండవచ్చును. గామా తరంగము పరమాణువుకంటె మిక్కిలి చిన్నది. తరంగము ఎంత పొట్టిదో దాని శక్తి అంత అధికము. మన వాయుమండలము రేడియో తరంగములను చాలవరకు నేలకు రానిచ్చును. గామా కిరణములను అడ్డగించును. అందుచేత రేడియో స్థానములను నేలమీదనుండి వెదకవచ్చును. గామా విస్ఫోటములను సూటిగా చూచుటకు ఉపగ్రహములు కావలసివచ్చెను.

ఆకాశమునుండి రేడియో తరంగములు వచ్చునని మొదట గుర్తించినవాడు అమెరికా దేశపు ఇంజనీరు కార్ల్ జాన్‌స్కీ. దూరపు టెలిఫోనులో వినవచ్చు బుసబుస శబ్దమునకు కారణము వెదకుమని కంపెనీవారు ఆయనకు పని యిచ్చిరి. ఆ శబ్దములో కొంత భాగము పాలపుంత నడిమి భాగమైన ధనూరాశి దిక్కునుండి వచ్చుచున్నదని ఆయన 1933లో ప్రకటించెను. 1949లో ఆస్ట్రేలియాయందు బోల్టన్, స్టాన్లీ, స్లీ అను మువ్వురు కొన్ని రేడియో స్థానములకు ఆనవాళ్లు కట్టిరి. వృషభ రాశిలోని స్థానము కర్కట నీహారిక యని తేలెను. అది 1054వ సంవత్సరమున చైనావారు చూచి వ్రాసిపెట్టిన నక్షత్ర విస్ఫోటపు శిథిలము. కన్యారాశిలోని స్థానము ఎం 87 అను దూరపు నక్షత్రసముదాయము. హంసమండలములోని మిక్కిలి బలమైన స్థానమును 1953లో పరీక్షించిన ఇద్దరిలో భారతీయుడైన మృణాల్ దాస్‌గుప్త ఒకరు. అది ఒక చుక్క కాదనియు, ఒకదానికొకటి దూరముగా నున్న రెండు తునకలనియు ఆయన, జెన్నిసన్ కలిసి నిరూపించిరి.

ఇక కారణము. కాగిన ఇనుము వలె వేడియైన వస్తువు వెలుగునిచ్చుట మనమెరిగినదే. ఈ రేడియో తరంగములును వేడివలన పుట్టినవా? కావు. వేడివలన పుట్టినచో పొడవైన తరంగములలో బలము తగ్గిపోవలెను. ఈ స్థానములు పొడవైన తరంగములలోనే మరింత బలముగా వినబడుచున్నవి. కాబట్టి మరియొక కారణము కావలసివచ్చెను. 1950 ప్రాంతమున స్వీడను దేశపు ఆల్ఫ్‌వెన్, హెర్లోఫ్సన్, రష్యా దేశపు గింజ్‌బర్గ్ మొదలగువారు దానిని సూచించిరి. కాంతివేగమునకు చేరువ వేగముతో పరుగెత్తు ఎలక్ట్రాను అయస్కాంత క్షేత్రములో చిక్కిన యెడల తిన్నగా పోజాలదు; సుడులు తిరుగును. అట్లు తిరుగునపుడు తరంగములను వెదజల్లును. దీనికి సింక్రోట్రాన్ వికిరణమని పేరు.

ఇది ఊహయే గదా, నిజమని తెలియుట యెట్లు? మంచి సిద్ధాంతమునకు గుర్తు, తాను చూడని సంగతిని ముందుగా చెప్పగలుగుట. 1953లో ష్క్లోవ్‌స్కీ అను రష్యను శాస్త్రజ్ఞుడు కర్కట నీహారికయొక్క వెలుతురుకును ఇదియే కారణమని వాదించెను. అదే నిజమైనచో ఆ వెలుతురు నలుదిక్కుల కంపింపక ఒకే తలమున కంపింపవలెను. 1954లో దోంబ్రోవ్‌స్కీ కొలిచి చూడగా అట్లే యుండెను. ఆ దినమునుండి ఊహ శాస్త్రమయ్యెను.

పిమ్మట ఇంకొక చిక్కు వచ్చెను. హంసమండలపు స్థానమువంటి వానిలో దాగిన శక్తిని బర్బిడ్జ్ లెక్కించెను. లక్షల సూర్యుల ద్రవ్యము పూర్తిగా శక్తిగా మారిననే గాని ఆ లెక్క సరిపోదు. సూర్యునిలో జరుగు పరమాణు సంయోగమున ద్రవ్యములో నూటికి ఒక పాలైనను శక్తిగా మారదు. 1963లో మార్టెన్ ష్మిట్ 3సీ 273 అను రేడియో స్థానము దూరమును కనుగొనగా ఈ చిక్కు మరింత బిగిసెను. చూచుటకు నక్షత్రమువలె నున్న ఆ చుక్క రెండు వందల కోట్ల కాంతి సంవత్సరముల దూరమున నున్నది. ఇట్టివానికి క్వేజారులని పేరు వచ్చెను. తుదకు నిలిచిన సమాధానము కృష్ణబిలము. కోట్ల సూర్యుల బరువుగల కృష్ణబిలములోనికి వాయువు సుడి తిరుగుచు పడునపుడు, దాని ద్రవ్యములో పదింట ఒక పాలువరకు శక్తిగా మారగలదు. ఆ శక్తిలో కొంత రెండు ప్రక్కలకు ధారలుగా ఎగజిమ్మును. ధారలు దూరమున వాయువును ఢీకొన్న తావులే దాస్‌గుప్త చూచిన రెండు తునకలు. ఎం 87 నడుమనున్న కృష్ణబిలపు నీడను 2019 ఏప్రిల్ 10న లోకమంతయు చిత్రమున చూచెను. దాని బరువు సుమారు 650 కోట్ల సూర్యులు.

ఈ కథలో మన జిల్లాకు చోటు గలదు. గౌరీబిదనూరు నేడు చిక్కబళ్లాపుర జిల్లాలో నున్నది గాని 2007 వరకు మన కోలారు జిల్లాలోనిదే. అక్కడ రామన్ పరిశోధనాలయమువారు, భారత ఖగోళభౌతిక సంస్థవారు కలిసి 1970 దశకమున ఒక రేడియో దూరదర్శినిని నిర్మించిరి. అది అద్దముల దుర్భిణి కాదు. గుంజలమీద తీగలు కట్టిన వేయి యాంటెనాలు ఇంగ్లీషు టీ అక్షరపు ఆకారమున పరచియుండెను. తూర్పు పడమరలుగా సుమారు 1.4 కిలోమీటర్ల పొడవు. సెకనుకు 3 కోట్ల 45 లక్షల కంపనములుగల తరంగములను అది పట్టుకొనెను. వాని పొడవు సుమారు 9 మీటర్లు. ఇంకను పొడవైన తరంగములను మన మింటిపైనున్న అయాను పొర అడ్డగించును గనుక, నేలనుండి వినదగిన దానికి ఇది ఇంచుమించు కడపటి అంచు. సింక్రోట్రాన్ సిద్ధాంతమునకు పరీక్ష జరుగవలసినది అట్టి అంచునందే. ఆ యంత్రముతో గీసిన ఆకాశపటమును ద్వారకానాథ్, ఉదయశంకర్ 1990లో ప్రకటించిరి. వేరుసెనగ చేల నడుమ తీగలు కట్టి ఇంతటి పని చేయవచ్చునని మన విద్యార్థులు గుర్తుంచుకొందురు గాక.

ఇప్పుడు నేలమీదనుండి నేల లోపలికి దిగుదము. ఎలక్ట్రానులు అంత వేగముగా పరుగెత్తుచున్నచో ప్రోటానులును పరుగెత్తవలెను గదా? అవి నిజముగా మనవరకు వచ్చుచున్నవి. వానికే విశ్వకిరణములని పేరు. ఇవి వాయుమండలమును తాకి మ్యుయాను అను కణములను పుట్టించును. హోమీ భాభా ప్రోద్బలమున 1951లో బి.వి. శ్రీకంఠన్ మన గనులలోనికి దిగి ఆ మ్యుయానులను లెక్కించెను. 1960 పిదప మియాకే, నరసింహం, రమణమూర్తి మరింత లోతునకు పోయిరి. లోతు పెరిగినకొలది లెక్క తగ్గుచు వచ్చెను. 2.7 కిలోమీటర్ల లోతున సుమారు రెండు నెలలు కాచుకొన్నను ఒక్క మ్యుయానును రాలేదు.

ఏమియు రాకపోవుట ఓటమి యని తోచవచ్చును. అదియే ఈ కథలోని మలుపు. అన్ని శబ్దములు అణగిన గదిలో గుసగుస వినబడునట్లు, నీటికంటె మూడు రెట్లు బరువైన మన రాతి క్రింద న్యూట్రినో అను కణమును పట్టుకొనవచ్చునని శాస్త్రజ్ఞులు గ్రహించిరి. న్యూట్రినో భూగోళమును సైతము తాకకుండ దాటిపోగలది. ఎప్పుడో ఒకటి రాతిలో తగులుకొని మ్యుయానును పుట్టించును. ఛాంపియన్ రీఫ్ గనిలో 2.3 కిలోమీటర్ల లోతున టాటా సంస్థ, జపాను దేశపు ఒసాకా, ఇంగ్లండు దేశపు డర్హం విశ్వవిద్యాలయముల వారు కలిసి యంత్రములు నెలకొల్పిరి. మేనన్, మియాకే, వుల్ఫెండేల్ వారి పెద్దలు. 1965లో వాయుమండలమున పుట్టిన న్యూట్రినో జాడను వారు ప్రకటించిరి. ఇంచుమించు అదే కాలమున దక్షిణాఫ్రికా బంగారు గనిలో రైన్స్ బృందమునకును అట్టి ఫలితమే వచ్చెను. ఈ న్యూట్రినోలనే జపానులో 1998లో సూక్ష్మముగా పరిశీలింపగా వానికి బరువు గలదని తేలెను. 2015లో ఆ పనికి నోబెల్ బహుమానము లభించెను. ఆ బాటలో తొలి అడుగులు మన గనిలో పడినవి. ఆ యంత్రములను తొట్టిలో దింపిన చేతులు, కొలిమివంటి వేడిలో కాచిన చేతులు మన ఊరి కార్మికులవి.

న్యూట్రినోకును మన ప్రశ్నకును సంబంధమేమి? వినుడు. గామా కిరణములు పుట్టుటకు రెండు దారులు గలవు. వేగముగల ఎలక్ట్రానులు సాధారణమైన వెలుతురును తన్ని గామాగా మార్చవచ్చును. లేదా ప్రోటానులు వాయువును గాని వెలుతురును గాని ఢీకొని గామాలను పుట్టింపవచ్చును. మొదటి దారిలో న్యూట్రినోలు పుట్టవు. రెండవ దారిలో తప్పక పుట్టును. కనుక న్యూట్రినో ఈ వ్యాజ్యములో అబద్ధమాడని సాక్షి. 2017 సెప్టెంబరు 22న దక్షిణ ధ్రువపు మంచులో అమర్చిన ఐస్‌క్యూబ్ యంత్రము ఒక న్యూట్రినోను పట్టుకొనెను. అది వచ్చిన దిక్కున వెదకగా కృష్ణబిలపు ధార మనవైపు తిరిగియున్న ఒక రేడియో స్థానము గామా కిరణములతో ప్రజ్వరిల్లుచుండెను. గామా విస్ఫోటముల దిక్కునుండి మాత్రము అదే యంత్రమునకు న్యూట్రినోలు చిక్కలేదు.

ఇక గామా విస్ఫోటముల కథ. 1963లో జరిగిన పరమాణు పరీక్షల నిషేధ ఒడంబడికను ఎవరైన మీరుచున్నారేమోయని అమెరికావారు వేలా అను ఉపగ్రహములను పంపిరి. అవి 1967 జులై 2న ఒక గామా మెరుపును గుర్తించెను. అది బాంబు కాదు. ఇట్టివి మరికొన్ని చేరిన పిదప 1973లో లోకమునకు తెలిపిరి.

దిక్కు కనుగొన్న విధము మన ఊరివారికి సులభముగా బోధపడును. గనిలో రాయి పగిలి బరస్టు జరిగినపుడు, వేర్వేరు తావులనున్న కంపనమాపకములకు ఆ అదురు వేర్వేరు క్షణములందు చేరును. ఆ తేడానుబట్టి ఎచట పగిలినదో లెక్కకట్టుదురు. వేలా ఉపగ్రహములును ఒకదానికొకటి దూరముగా నుండుటచే, మెరుపు చేరిన క్షణముల తేడానుబట్టి అది భూమినుండి గాని సూర్యునినుండి గాని రాలేదని తేల్చిరి.

తరువాత ఇరువది సంవత్సరములలో నూరుకు పైగా సిద్ధాంతములు బయలుదేరెను. న్యూట్రాను నక్షత్రముపై తోకచుక్క పడెనని ఒకరు, దాని పొర చిట్లెనని ఒకరు. మిక్కిలి మంది అవి పాలపుంతలోనివే యనిరి. అవి దూరపు నక్షత్రసముదాయములలోనివని 1986లో పాచిన్‌స్కీ అను పోలండు శాస్త్రజ్ఞుడు చెప్పగా నమ్మినవారు కొలదిమంది. 1991లో ఎగిరిన కాంప్టన్ ఉపగ్రహము దాదాపు 2700 విస్ఫోటములను గుర్తించెను. మన గనుల షాఫ్టులు బంగారపు రీఫు వెంట ఉత్తర దక్షిణములుగా ఒక వరుసలో నున్నవి గదా. అట్లే విస్ఫోటములు పాలపుంతలోనివైనచో ఆ పట్టీ వెంటనే గుమిగూడవలెను. అవి ఆకాశమంతట సమముగా చెదరియుండెను. 1997 ఫిబ్రవరి 28న ఇటలీవారి బెప్పోసాక్స్ ఉపగ్రహము ఒక విస్ఫోటము చల్లారుచుండగా మిగిలిన వెలుగును చూపెను. అదే సంవత్సరము మే నెలలో మరియొకదాని దూరమును కొలువగా అది వందల కోట్ల కాంతి సంవత్సరములని తేలెను. పాచిన్‌స్కీ మాట నెగ్గెను.

అంత దూరమునుండి అంత వెలుగా? 1999 జనవరి 23నాటి విస్ఫోటపు శక్తి నలుదిక్కుల సమముగా ప్రసరించెననుకొన్నచో, సూర్యుని ద్రవ్యమంతయు శక్తిగా మారినను చాలదు. పైగా కొన్ని విస్ఫోటములు సెకనులో వేయవ వంతులోనే మినుకుమినుకుమనును. ఆ కాలములో కాంతి 300 కిలోమీటర్లు మాత్రమే పోగలదు. కనుక మూలము అంతకంటె పెద్దది కారాదు. అంత ఇరుకున అన్ని గామా కిరణములు కిక్కిరిసినచో ఒకదానినొకటి తాకి ఎలక్ట్రాను, పాజిట్రాను జంటలుగా మారిపోవలెనే గాని వెలికి రారాదు. దీనికి పరిష్కారము ఒక్కటే. ఆ పదార్థము సన్నని ధారగా, ఇంచుమించు కాంతివేగముతో మనవైపు దూసికొని వచ్చుచుండవలెను. ధార సన్ననిదైనచో శక్తి లెక్కయు తగ్గును. ఆ ధార చుట్టునున్న వాయువును గుద్దుకొనగా ఎలక్ట్రానులు అయస్కాంత క్షేత్రములో సుడులు తిరిగి మొదట ఎక్స్ కిరణములను, పిదప వెలుతురును, వారములు గడచినమీదట రేడియో తరంగములను ఇచ్చును. చూచితిరా! కర్కట నీహారికకు చెప్పిన కారణమే ఇచ్చట మరల వచ్చినది. గామా విస్ఫోటము చల్లారి రేడియో స్థానమగుచున్నది.

ధారను పుట్టించునదేది? విస్ఫోటములు రెండు జాతులు. రెండు సెకనులకు మించినవి చాలవరకు సూర్యునికంటె అనేక రెట్లు పెద్దదైన నక్షత్రము కూలి కృష్ణబిలమగునపుడు జరుగును. వూస్లీ 1993లో ఈ మాట చెప్పెను. 2003 మార్చి 29నాటి విస్ఫోటము వెనుక నక్షత్ర విస్ఫోటము స్పష్టముగా కనబడుటచే ఇది స్థిరపడెను. పొట్టివానిలో కొన్నియైనను రెండు న్యూట్రాను నక్షత్రములు ఢీకొనుటవలన పుట్టునని 2017 ఆగస్టు 17న ఋజువాయెను. ఆనాడు గురుత్వ తరంగములు అందిన 1.7 సెకనులకు గామా మెరుపు అందెను. మన దేశపు ఆస్ట్రోశాట్ ఉపగ్రహము 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోటనుండి ఎగిరి, ఇట్టి విస్ఫోటములను వందలకొలది గుర్తించినది.

2022 అక్టోబరు 9న మనము కన్నవానిలోకెల్ల ప్రకాశమానమైనది వచ్చెను. దాని కిరణములు సుమారు 190 కోట్ల సంవత్సరములు ప్రయాణించి మనలను చేరినవి. మన కోలారు రాళ్ల వయస్సు సుమారు 270 కోట్ల సంవత్సరములు. ఆ కిరణము బయలుదేరునాటికే ఈ రాళ్లు పాతవి.

ఇంకొక మాట. 2017 నాటి ఆ ఢీకొనుటలో వెదజల్లబడిన పదార్థమును పరిశీలింపగా బరువైన మూలకములు అచ్చట తయారైనట్లు తెలిసెను. బంగారమును అట్టిచోటనే పుట్టునని సిద్ధాంతము. 2004 డిసెంబరు 27న ఒక అయస్కాంత నక్షత్రమునుండి వచ్చిన గామా మెరుపులోను ఇట్టి మూలకములు పుట్టినవని 2025లో కొందరు వాదించిరి. ఏ పాలు దేనిదో ఇంకను తేలవలసియున్నది. సూర్యుడు పుట్టకమునుపే ఏవో నక్షత్రములు నశించినందున ఏర్పడిన బంగారమే ఈ నేలలో చేరినదని మాత్రము చెప్పవచ్చును. నూట ఇరువది సంవత్సరములలో సుమారు 800 టన్నులు తీసి లోకమునకు ఇచ్చిన ఊరు మనది. ఆ లోహము పుట్టుక తెలిసికొనుటకు మన బిడ్డలకంటె హక్కుదారులెవరు?

2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడినవి. అంతకు కొన్ని సంవత్సరములకు ముందే ప్రయోగములును ఆగినవి. ప్రోటాను నశించునా యని 1980 నుండి 140 టన్నుల యంత్రముతో మన గనిలో కాచిరి. కొన్ని గుర్తులు కనబడినవని ప్రకటించిరి గాని ఇతర దేశముల పెద్ద యంత్రములు వానిని సమర్థింపలేదు. అయినను ఆ కాపలా వ్యర్థము కాదు. ప్రోటాను అంత సులభముగా నశింపదని లోకమునకు తెలిసినది. రెండు నెలలు ఏమియు రాకపోయినను లెక్కపుస్తకమున సున్న యని నిజాయితీగా వ్రాసినవారే గదా న్యూట్రినోకు దారి చూపినవారు!

విద్యార్థులారా, ఈ కథలో నూరు సిద్ధాంతములలో నిలిచినవి ఒకటి రెండు. నిలిపినది పేరు కాదు, బిరుదు కాదు, కొలత. ఎవరైన ఒక మాట చెప్పినపుడు "ఇది నిజమైనచో ఇంకేమి కనబడవలెను?" అని అడుగుడు. ఆ ప్రశ్నను తెలుగున అడుగవచ్చును, కన్నడమున అడుగవచ్చును, తమిళమున అడుగవచ్చును. కొలత అన్ని భాషలలోను ఒక్కటే. కాని ప్రశ్న మొదట పుట్టునది ఇంటి భాషలోనే. అందుచేతనే ఈ పాఠశాలను పెద్దలు నిలుపుకొనుచున్నారు. పిల్లలు తరగతికి పదుగురే మిగిలినను దీనిని నిలుపుకొనవలసినదని మా మనవి.

 మీ ప్రశ్నలను రేపు తరగతికి తీసికొని రండు.